ఇరుసు, గుండ్లు, కందెన: సైకిలు వెనక చక్రం విప్పి చూద్దాం

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట, గుండ్లపోచంపల్లి చుట్టుపక్కల నేలను ఎక్కడ తవ్వినా కాస్త లోతులోనే గ్రానైటు తగులుతుంది. ఆ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో ముఖ్యంగా రెండు ఖనిజాలుంటాయి. ఒకటి ఫెల్‌స్పార్, రెండోది పలుగురాయి, అంటే క్వార్ట్‌జ్. ఎండకు ఎండి వానకు తడిసి ఫెల్‌స్పార్ మెల్లమెల్లగా బంకమన్నుగా మారిపోతుంది. పలుగురాయి మాత్రం మారదు. అది సన్నని రేణువులుగా విడిపోయి మొరంలో కలుస్తుంది, అక్కణ్నుంచి దుమ్ముగా లేస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద టిప్పర్లు లేపే దుమ్ములో, కొత్తగా ఇళ్లు కడుతున్న కాలనీల మట్టిదారుల్లో, అపారెల్ పార్కు వైపు పోయే తోవలో మనం రోజూ తొక్కేది ఈ పలుగురాయి పొడినే.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా మెట్లుగా పేర్చినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మోస్. ఆ వరసలో పలుగురాయిది 7వ మెట్టు. వంటింటి కత్తి దానికంటే దిగువన ఉంటుంది. కాచి గట్టిపరిచిన బేరింగు ఉక్కు దాదాపు 7 దగ్గరే ఉంటుంది. అంటే సైకిలు చక్రం నడుమ తిరిగే ఉక్కు గుండ్ల మధ్యకు ఒక పలుగురాయి రేణువు చేరితే అది సులువుగా నలగదు, ఉక్కునే గీరుతుంది. ఈ ప్రాంతంలో వెనక చక్రం హబ్బు, అంటే ఇరుసు చుట్టూ తిరిగే నడిమి భాగం, ఎందుకు అరుగుతుందో, దాన్ని ఇంట్లోనే విప్పి ఎలా బాగుచేసుకోవాలో తెలియాలంటే ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం పని అయినట్టే.

ఒరుసుకోవడం, దొర్లడం

ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు కందెన పెట్టేవారు. ఆముదంలో మసి కలిపి చేసిన జిడ్డు అది. బండి చక్రంలో ఇరుసు, దాని చుట్టూ ఉండే ఇనుప గొట్టం ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. కందెన ఉన్నా సరే, చక్రం మీద పడే బరువులో ఇంచుమించు పదోవంతు బలం ఆ ఒరిపిడిని గెలవడానికే పోతుంది. ఉక్కు గుండ్ల మీద దొర్లే చక్రానికి ఆ బలం వెయ్యోవంతు దగ్గరికి దిగివస్తుంది. ఒరుసుకునే చోట దొర్లించడం అనే ఈ మార్పు సైకిలును మనిషి కాలిబలంతో తేలిగ్గా నడిచే బండిగా చేయడంలో తోడ్పడింది.

ఆలోచన పాతదే. 1794లో వేల్స్‌లోని కార్మార్తెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ అనే ఇనుప పనివాడు బండి ఇరుసులో గుండ్లు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో జూల్ సురిరే 1869లో సైకిలు కోసం అలాంటి పేటెంటే పొందాడు. అదే ఏడాది నవంబరు 7న పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో జేమ్స్ మూర్ గుండ్ల బేరింగులున్న సైకిలు మీద గెలిచాడు. అయినా ఒకే కొలతలో నిఖార్సైన గుండ్లు వేల సంఖ్యలో చేయడం అప్పట్లో గగనం. ఒక గుండు మిగతావాటికంటే రవ్వంత పెద్దదైతే బరువంతా దాని మీదే పడుతుంది. ఈ చిక్కు విప్పినవాడు జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌వాసి ఫ్రీడ్రిష్ ఫిషర్. 1883లో అతడు ఉక్కు గుండ్లను ఒకే సైజులో, నున్నటి గోళాలుగా సానపట్టే యంత్రం చేశాడు. ఈనాడు మంచి రకం గుండులో గుండ్రతనం తేడా ఒక మైక్రాను కూడా ఉండదు. మన తలవెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది.

ఇంత నున్నటి గుండు, హబ్బులో తాను దొర్లే గిన్నెలాంటి కప్పును తాకేచోటు చాలా చిన్నది. అలాంటి చోట ఏం జరుగుతుందో లెక్కగట్టింది, తరవాతి కాలంలో రేడియో తరంగాలను పట్టి చూపిన హైన్రిష్ హెర్ట్‌జే. 1882 ప్రాంతంలో అతడు వేసిన లెక్క ప్రకారం రెండు గట్టి వస్తువులు ఒత్తుకున్నప్పుడు తాకేచోట అవి రవ్వంత చదునవుతాయి, ఆ ఇరుకులో పీడనం విపరీతంగా పెరుగుతుంది. సైకిలు హబ్బులో అది గాలి పీడనానికి వేల రెట్లు ఉంటుంది. అంత ఒత్తిడిలో గ్రీసులోని నూనె కూడా చిక్కబడిపోయి, మైక్రానులో కొంత భాగం మందమున్న పొరగా గుండుకూ కప్పుకూ మధ్య నిలుస్తుంది. ఉక్కును ఉక్కు తాకకుండా కాపాడేది ఆ పొరే. 30 మైక్రాన్ల పలుగురాయి రేణువు అక్కడికొస్తే ఆ పొర దాన్ని ఆపలేదు.

వెనక చక్రానికే ఎందుకింత తిప్పలు

సీటు మీద కూర్చున్న మనిషి బరువులో సగానికి మించి వెనక చక్రం మీదే పడుతుంది. దానికి చైను లాగుడు తోడవుతుంది. ఒక లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ ఒక పెడలు మీద నిలబడ్డాడనుకోండి. పెడలు కడ్డీ పొడవు 17 సెంటీమీటర్లు. ముందరి పళ్లచక్రానికి 48 పళ్లు, పళ్ల మధ్య దూరం అర అంగుళం, కాబట్టి దాని వ్యాసార్ధం సుమారు 9.7 సెంటీమీటర్లు. 60ని 17తో హెచ్చించి 9.7తో భాగిస్తే 105 వస్తుంది. అంటే మనిషి బరువు 60 కిలోలైనా చైను మాత్రం 105 కిలోల బలంతో వెనక హబ్బు కుడిపక్కను ముందుకు గుంజుతుంది. కుడివైపు కోను, అంటే ఇరుసు మీద బిగిసి గుండ్లను కప్పుకు ఆనించే ఉక్కు ముక్క, ముందుగా అరగడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు సైకిళ్లలో ఫ్రీవీల్, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక పళ్లచక్రం, హబ్బు మీద మరమేకులా బిగుసుకుని కూర్చుంటుంది. దానికి చోటివ్వడానికి కుడివైపు గుండ్ల వరసను లోపలికి జరపాల్సి వచ్చింది. ఫ్రేముకూ ఆ గుండ్ల వరసకూ మధ్య ఇరుసు ఆసరా లేకుండా మిగిలిపోతుంది. గేర్లు ఎక్కువైనకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. గుంతలో పడ్డప్పుడు ఇరుసు వంగేదీ విరిగేదీ అక్కడే. 1978లో జపాను కంపెనీ షిమానో ఫ్రీవీల్ యంత్రాంగాన్ని హబ్బులోనే భాగంగా చేసి, కుడివైపు గుండ్లను ఆ భాగం అంచుకు, ఫ్రేము దగ్గరికి జరిపింది. ఇప్పుడు గేర్ల సైకిళ్లలో కనిపించే క్యాసెట్ హబ్బు అదే.

28 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. ఏడాదికి 3,000 కిలోమీటర్లు తొక్కేవారి వెనక చక్రం 13 లక్షల చుట్లకు పైగా తిరుగుతుందన్నమాట. గుండ్లు మంచివైతే, గ్రీసు శుభ్రంగా ఉంటే ఈ పని వాటికి లెక్కే కాదు. గ్రీసులో మట్టి చేరితే మాత్రం ప్రతి చుట్టూ ఒక సానరాయి చుట్టే.

విప్పకముందే తెలుసుకోవడం

సైకిలు స్టాండు వేసి, వెనక టైరును ఫ్రేము కడ్డీల దగ్గర పట్టుకుని అటూ ఇటూ కదపండి. టక్కు టక్కుమని తగిలితే హబ్బులో ఆట ఉంది, కోను లూజైంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రెండో చేతి వేళ్లను సీటు కింది కడ్డీ మీద ఆనించండి. లోపల గరగర ఉంటే చెవి కంటే ముందు వేలికొనకు తెలుస్తుంది. చైను దించి, చక్రాన్ని నేలకు తాకకుండా ఎత్తి వదిలేస్తే, మరీ గట్టిగా బిగిసి లేని చక్రం గాలి కొట్టే మూతి ఉన్న బరువైన పక్క కిందికి వచ్చేదాకా ఊగి, ఉయ్యాలలా తగ్గుతూ ఆగుతుంది. ఉన్నచోటే ఠక్కున ఆగిపోతే కోను అతిగా బిగిసిందన్నమాట, లేదా గ్రీసు ఎండి గడ్డకట్టింది.

రెండు విషయాల్లో పొరబడకూడదు. రిమ్ము పక్కలకు ఊగడం స్పోకుల సంగతి, బెండు తీయిస్తే పోతుంది. ఫ్రీవీల్ తిరిగేటప్పుడు కొంచెం వణకడం దాని సహజ గుణం. ఈ రెండింటికీ హబ్బు విప్పాల్సిన పని లేదు.

అన్ని హబ్బుల్లోనూ విడి గుండ్లు ఉండవు. కొన్నింటిలో రెండు వైపులా మూసిన బేరింగులు దిగ్గొట్టి ఉంటాయి. వాటి మీద 6001 వంటి నంబరు చెక్కి ఉంటుంది. లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 28, మందం 8 మిల్లీమీటర్లు అని ఆ నంబరుకు అర్థం. అవి పాడైతే అదే నంబరువి కొత్తవి వేయించడమే. ఇక్కడ మనం విప్పబోయేది కప్పూ కోనూ ఉన్న హబ్బు. మన వీధుల్లో తిరిగే సైకిళ్లలో ఎక్కువ వాటికి ఉన్నది అదే.

చక్రం బయటికి

కావలసినవి కొన్నే. ఇరుసు నట్లకు సరిపడే పానలు, కోనును పట్టే పలుచని పాన, కొత్త గుండ్లు, గ్రీసు డబ్బా, పాత బనీను గుడ్డలు, ఒక వెడల్పాటి పళ్లెం. కోను పక్కల చదును సన్నగా ఉంటుంది కాబట్టి మామూలు పాన దూరదు. పలుచని పాన సైకిలు సామాను అమ్మే దుకాణంలో దొరుకుతుంది.

గేర్ల సైకిలైతే చైనును అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, బ్రేకు వదులు చేసి, ఇరుసు లివరు విప్పి, గేరు మార్చే యంత్రాన్ని వెనక్కి పట్టుకుంటే చక్రం కిందికి జారుతుంది. ఒంటి గేరు సైకిలుకు కొంచెం ఎక్కువ పని ఉంటుంది. ఇరుసు మీద క్యారియరు కడ్డీ, మడ్‌గార్డు కడ్డీ, స్టాండు, వాషర్లు ఒకదాని మీదొకటి ఉంటాయి. నట్లు తీసేముందు రెండు పక్కలా ఫోనుతో ఫొటో తీసుకోండి. ఏ వాషరు ఏ కడ్డీకి ముందో తిరిగి బిగించేటప్పుడు ఆ ఫొటోయే చెబుతుంది. నట్లు వదులయ్యాక చక్రాన్ని కాస్త ముందుకు నెట్టి, చైను దించి, బయటికి లాగాలి.

ఇప్పుడు ఎడమవైపు మాత్రమే విప్పండి. కుడివైపు కోనూ, దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్టూ ఇరుసు మీద ఎలా ఉన్నవి అలాగే ఉండనివ్వాలి. ఫ్రేములో చక్రం నడిమధ్యన కూర్చోవడానికి కొలత అవే. ఎడమ కోనును పలుచని పానతో కదలకుండా పట్టి, లాక్‌నట్టును అపసవ్యంగా తిప్పితే వదులవుతుంది. లాక్‌నట్టు, వాషరు, కోను వరసగా తీసి అదే వరసలో గుడ్డ మీద పేర్చండి. చక్రాన్ని పళ్లెం మీద పడుకోబెట్టి ఇరుసును కుడివైపుకు మెల్లగా లాగితే గుండ్లు రాలతాయి. గుండ్లు పడేది పళ్లెంలోనే ఉండాలి, ఒక్కటి మంచం కిందికి దొర్లినా పని ఆగుతుంది. వెనక హబ్బులో సాధారణంగా పావు అంగుళం గుండ్లు ఒక్కో వైపు 9 చొప్పున మొత్తం 18 ఉంటాయి. కుడివైపువి ఫ్రీవీల్ రంధ్రం లోతులో గ్రీసుకు అంటుకుని ఉంటాయి. ఫ్రీవీల్ ఊడదీయకుండానే వాటిని పుల్లతో బయటికి తేవచ్చు.

మురికి చెప్పే సంగతులు

పాత గ్రీసు కొంచెం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూడండి. మెత్తగా జారితే మంచిదే. ఇసుక తగిలినట్టు గరుగ్గా ఉంటే అది పలుగురాయి పొడి. గుడ్డ మీద పూసి ఎండలో పట్టుకున్నప్పుడు వెండి పొడిలా మెరిస్తే అది ఉక్కు రజను, అంటే గుండో కోనో అరుగుతోంది. ఎర్రగా ఉంటే నీళ్లు చొరబడి తుప్పు పట్టింది. పాలు కలిపినట్టు తెల్లబారితే నీళ్లు గ్రీసుతో కలిసిపోయాయి. వానాకాలంలో రైలు పట్టాల కింది వంతెనల్లో నిలిచిన మోకాలు లోతు నీళ్లలోంచి తోసుకొచ్చిన సైకిళ్లకు ఈ గతి పడుతుంది.

అన్నింటినీ గాసునూనెతో గానీ డీజిల్‌తో గానీ కడిగి గుడ్డతో తుడవాలి. పెట్రోలు వద్దు. దాని ఆవిరి ఇంట్లో ఎక్కడున్న నిప్పునైనా అందుకుంటుంది. గాసునూనె వాడినా పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట కూర్చోండి. కడిగిన నూనెను మోరీలో పోయకుండా సీసాలో పట్టి మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

తుడిచిన కోనును వెలుతురుకు వాలుగా పట్టుకోండి. గుండ్లు దొర్లిన చోట చుట్టూ ఒక సన్నని మెరుపు గీత కనిపించాలి. అది నున్నగా ఉంటే కోను మంచిదే. గీత మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే, బాల్‌పెన్ను మొనతో గీసినప్పుడు మొన తట్టుకుంటుంటే కోను పని అయిపోయినట్టే. పదే పదే పడే ఒత్తిడికి ఉక్కు లోపల పగుళ్లు పుట్టి పైపొర పెళ్లగా లేచిపోతే పడే గుంటలవి. ఎంత గ్రీసు పెట్టినా అవి పూడవు. కోను తక్కువ ఖర్చులో దొరుకుతుంది, మార్చండి. కప్పును హబ్బులో దిగ్గొడతారు కాబట్టి అది గుంటలు పడితే షాపులో చూపించాల్సిందే. ఇరుసును అద్దం మీద దొర్లించి చూస్తే వంకర ఉంటే తెలిసిపోతుంది. గుండ్లు మాత్రం పైకి నున్నగా కనిపించినా మొత్తం 18 కొత్తవే వేయండి. పాతవాటిలో కొత్తవి కలిపితే సైజు తేడా వస్తుంది, ఫిషర్ యంత్రం తీర్చిన చిక్కును మనమే తిరిగి తెచ్చుకున్నట్టవుతుంది.

ఆముదం ఇంకా ఇక్కడే ఉంది

గ్రీసు అంటే చిక్కటి నూనె కాదు. అది సబ్బు అల్లికలో నిలిపి ఉంచిన నూనె. పదింట ఎనిమిది తొమ్మిది వంతులు నూనె, మిగతాది సబ్బు. గుండు ఒత్తినప్పుడు సబ్బు అల్లికలోంచి నూనె ఊరుతుంది. నూనె ఒక్కటే పోస్తే కారిపోతుంది, గ్రీసు ఉన్నచోటే నిలుస్తుంది. మార్కెట్లో దొరికే సాధారణ గ్రీసుల్లో ఎక్కువ లిథియం సబ్బుతో చేసినవి. ఈ లిథియం గ్రీసుకు 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందాడు. ఆ సబ్బుకు కావలసిన కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఆముదం నుంచే వస్తుంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆముదం పండించే దేశం మనదే. మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే పంట అది. తాతలు బండి ఇరుసుకు పూసిన కందెనలోని ఆముదమే రూపు మార్చుకుని సైకిలు హబ్బులోకి వచ్చిందనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

కప్పులో గుండ్లు సగం మునిగేలా గ్రీసు నింపండి. ఒక్కో గుండునూ గ్రీసులో కూర్చోబెడితే జారకుండా ఉంటుంది. 9 పెట్టాక ఇంకొకటి పట్టేంత ఖాళీ కనిపించినా పెట్టకండి. గుండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా తిరగడానికి ఆ ఖాళీ కావాలి. పైన మరో పొర గ్రీసు పూసి, ఇరుసును కుడివైపు నుంచి నెమ్మదిగా దూర్చి, చక్రాన్ని తిప్పి ఎడమవైపు గుండ్లు పెట్టండి. హబ్బు నడుమ గొట్టమంతా నింపనక్కర లేదు, అక్కడి గ్రీసు గుండ్ల దాకా రాదు. చివరగా కోను అంచు చుట్టూ బయటివైపు ఒక పట్టీలా గ్రీసు పూస్తే అది మన ప్రాంతపు దుమ్మును గుమ్మంలోనే పట్టుకుంటుంది.

బిగింపులోనే ఉంది పనితనం

ఇరుసు మీది మరలు ఒక చుట్టుకు ఇంచుమించు 1 మిల్లీమీటరు కదులుతాయి. గడియారంలో ఒక గంట గీతంత, అంటే చుట్టులో పన్నెండో వంతు కోనును తిప్పితే అది మిల్లీమీటరులో పన్నెండో వంతు జరుగుతుంది. ఆటకూ బిగువుకూ మధ్య తేడా దాదాపు అంతే. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

కోనును చేత్తోనే గుండ్లకు తగిలేదాకా బిగించి, గడియారంలో ఒక గంటంత వెనక్కి తిప్పండి. వాషరు, లాక్‌నట్టు వేసి, కోనును పలుచని పానతో కదలకుండా పట్టి లాక్‌నట్టు గట్టిగా బిగించండి. ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. గరగర లేకుండా తిరగాలి, టక్కుమనకూడదు. లాక్‌నట్టు బిగించేటప్పుడు కోను కొంచెం జరుగుతుంది కాబట్టి మొదటిసారికే కుదరకపోవచ్చు. విప్పి మళ్లీ సరిచేయండి. చేయి తిరిగిన మెకానిక్కులు కూడా ఇలాగే చేస్తారు.

లివరుతో బిగించే గేర్ల సైకిలుకు మాత్రం చక్రం చేతిలో ఉండగా రవ్వంత ఆట వదలాలి. లివరు మూసినప్పుడు బోలు ఇరుసు రెండు వైపుల నుంచి నొక్కుకుపోయి ఆ ఆట తీరిపోతుంది. బయట నట్లున్న ఇరుసులో నట్టు ఫ్రేమును లాక్‌నట్టుకే అదుముతుంది, ఇరుసు నొక్కుకుపోదు. కాబట్టి అక్కడ ఆట మిగల్చకుండానే బిగించాలి.

చక్రం ఎక్కించాక టైరు రెండు కడ్డీలకు సమదూరంలో ఉందో లేదో చూడండి. ఒంటి గేరు సైకిలులో చైను నడుమ వేలితో ఎత్తితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. బ్రేకు కలపడం మరవద్దు. ఇంటి ముందు నాలుగు చుట్లు తొక్కి, నట్లు మరోసారి బిగించాకే రోడ్డెక్కండి.

ఫ్రీవీల్‌ను మాత్రం విప్పకండి. లోపల స్ప్రింగుల మీద నిలిచే చిన్న నాలుకలు ఉంటాయి. ముందుకు తొక్కితే అవి పళ్లకు తగిలి పట్టుకుంటాయి, తొక్కడం ఆపితే పళ్ల మీంచి జారుతూ చిటచిటమంటాయి. అక్కడ గ్రీసు పెడితే నాలుకలు అతుక్కుని పైకి లేవవు, పెడలు ఖాళీగా జారుతుంది. చక్రాన్ని పడుకోబెట్టి ఫ్రీవీల్ తిరిగే సందులో పలుచని నూనె నాలుగైదు చుక్కలు వేసి తిప్పితే చాలు.

హబ్బు ఆరోగ్యం ఎంత ఖరీదైన సైకిలు కొన్నామన్న దాని మీద ఆధారపడదు. శుభ్రమైన గ్రీసు, సరైన బిగువు, ఈ రెండే దాన్ని కాపాడతాయి. ఈ రెండూ ఇంటి వాకిట్లో మన చేతుల్లో ఉన్నవే. కడిగేటప్పుడు నీళ్ల పైపు నేరుగా హబ్బు మీదికి పెట్టకండి, ఆ వేగానికి నీళ్లు లోపలికి దూరతాయి. ఏటా వానలు వెలిశాక, దసరా ఆయుధపూజకు ముందు ఒకరోజు వెనక చక్రం విప్పండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాన వాళ్ల చేతికివ్వండి, కోను బిగించడం వాళ్లతోనే చేయించండి. కడిగి, గ్రీసు పెట్టి, సరిగా బిగించాకే సైకిలుకు బొట్టు పెట్టండి.